పిప్పి పొయ్యికి, బెల్లం గుర్రానికి

చిక్కిపోయిన గుర్రానికి మళ్ళీ ఒళ్ళు రావాలంటే ఏం పెట్టాలి? ఇవాళ యూరప్‌లోనో అమెరికాలోనో ఈ మాట అడిగితే మొదట వినిపించే జవాబుల్లో బీట్ పిప్పి ఒకటి. చక్కెర దుంపను సన్నగా తరిగి, వేడినీళ్ళతో తీపంతా లాగేశాక మిగిలే తురుము అది. దాన్ని ఎండబెట్టి, రేకులుగానో గుళికలుగానో సంచులకెత్తి అమ్ముతారు. కొన్నవాళ్ళు నీళ్ళలో నానబెట్టి గుర్రానికి పెడతారు. ఇదే మాట నాలుగు వందల ఏళ్ళ కింద సూరత్ రేవులో అడిగి ఉంటే వచ్చే జవాబు వేరు: ఉడికించిన గింజలు, బెల్లం, నెయ్యి. ఈ రెండు జవాబుల్నీ పక్కపక్కన పెట్టినప్పుడు చాలామంది తేలిగ్గా ఒక తీర్పు చెప్పేస్తారు. పాతది తెలియనితనం, కొత్తది శాస్త్రం అని. ఆ తీర్పు సగమే నిజమని నా వాదన. గుర్రాన్ని బలపరిచే మేతను ఏ కాలంలోనైనా మొదట నిర్ణయించింది ఆ నేలలో పండే పంట, ఆ పంట వదిలే పిప్పి. చక్కెర దుంప పండిన చోట చక్కెర మనిషికి, పిప్పి పశువుకి దక్కాయి. చెరకు పండిన చోట పిప్పి పొయ్యిలోకి పోయింది, తీపి గుర్రం నోటికి చేరింది. మన పాత మేతలోని బలమూ దాని లోపమూ రెండూ ఈ ఒక్క తేడాలోంచే పుట్టాయి.

సూరత్‌ను ఈ చర్చకు కేంద్రంగా తీసుకోవడానికి కారణం ఉంది. బేగంపురా, రుస్తంపురా, సగ్రాంపురా లాగే పేరు చివర ‘పురా’ ఉన్న ఆ ఊరి పాతపేటల్లో సలాబత్‌పురా ఒకటి. ఇప్పుడు ఆ పేరు చెబితే చీరల మూటలు, మగ్గాల చప్పుడు, రింగ్ రోడ్డు బట్టల బజార్లు గుర్తుకొస్తాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా సూరత్ మగ్గాల మీద బతుకుతున్నాయి. ఆ పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. తెలుగు దేశానికీ సూరత్‌కీ ఉన్న సంబంధం అంతకంటే పాతది. మొగలుల కాలంలో సూరత్ పడమటి తీరానికి పెద్ద వాకిలి. హజ్ యాత్రికుల ఓడలు అక్కడినుంచే కదిలేవి. బస్రా, బందర్ అబ్బాస్, మోఖా వైపు నుంచి వచ్చే ఓడలు అక్కడే లంగరు వేసేవి. ఆ ఓడల్లో దిగిన సరుకుల్లో గుర్రాలూ ఉండేవి. అక్కడ దిగినవాళ్ళు దౌలతాబాద్ మీదుగా దక్కను దాటి గోల్కొండకు, అక్కడినుంచి మచిలీపట్నానికి నడిచిన బాట ఒకటుంది. వజ్రాల వర్తకుడు తావెర్నియే ఆ బాట మీద తిరిగినవాడే. రేవులో దిగిన గుర్రం వారాల తరబడి ఓడ అడుగున కదలకుండా నిలబడి, కొలిచి పోసిన నీళ్ళతో, ఎండుగడ్డితో గడిపి వచ్చేది. దానికి ఒళ్ళు చేయించడమన్నది సూరత్‌లో ఎవరో సరదాపడి అడిగే ప్రశ్న కాదు, వ్యాపారంలో ఒక అంకం. బక్కచిక్కిన గుర్రానికి ధర పలకదు.

ఆ అంకంలో ఏం పెట్టేవారో చెప్పే సాక్ష్యాలు బాగానే మిగిలాయి. జహంగీర్ దర్బారుకు ఇంగ్లండు రాయబారిగా వచ్చిన సర్ థామస్ రో దగ్గర పురోహితుడిగా పనిచేసిన ఎడ్వర్డ్ టెర్రీ 1616లో సూరత్ దగ్గరే ఓడ దిగాడు. ఇక్కడి గుర్రాలకు ఓట్స్ పెట్టరని, ‘దానా’ అనే ఒక రకం పప్పుగింజను ఉడికించి, చల్లార్చి, ముతక చక్కెర కలిపి పెడతారని అతను రాశాడు. వారానికి రెండు మూడు సార్లు వెన్న కూడా ఇస్తారట. అయితే అది కండ పట్టడానికని కాక, కడుపు శుభ్రపడడానికని అతని మాట. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు వచ్చిన తావెర్నియే ఇంకా వివరంగా చెప్పాడు. సాయంత్రం తిరగట్లో పగలగొట్టి నానబెట్టిన శనగలు. పొద్దున రెండు పౌన్ల నల్లబెల్లం, అంతే పిండి, ఒక పౌను వెన్న కలిపి ముద్దలు చేసి గొంతులోకి తోస్తారు. గుర్రం తనంతట తాను ఆ ముద్దల్ని తినదు కాబట్టి అలా తోయాల్సి వచ్చేది. తర్వాత దాని నోరు, ముఖ్యంగా పళ్ళు, కడుగుతారు. పగటిపూట పొలాల్లోంచి వేళ్ళతో సహా పీకి తెచ్చిన గడ్డిని మన్ను లేకుండా జాగ్రత్తగా కడిగి వేస్తారు. ఈ చివరి రెండు వివరాలూ చాలా విలువైనవి. పళ్ళకంటిన తీపిని కడగాలన్న శ్రద్ధ, గడ్డి వేళ్ళలోని ఇసుక కడుపులో చేరకూడదన్న ఎరుక చూస్తే, ఇది అనాలోచితంగా సాగిన ఆచారంలా కనిపించదు. గుర్రం కడుపులో ఇసుక పేరుకుంటే శూల వస్తుందని ఇవాళ్టి పశువైద్యం కూడా చెబుతుంది.

విదేశీయులు చూసింది కొంత, ఊహించింది కొంత అని పక్కన పెట్టేద్దామంటే అక్బరు కొలువు లెక్కలు అడ్డం వస్తాయి. అబుల్ ఫజల్ ‘అయినీ అక్బరీ’లో చక్రవర్తి సొంత అశ్వశాలలోని మేలుజాతి గుర్రానికి రోజుకు ఏడున్నర సేర్ల దాణా రాసిపెట్టాడు. అప్పటి సేరు 30 దాముల (రాగి నాణేల) బరువు, అంటే మన కొలతలో సుమారు 630 గ్రాములు. ఆ మొత్తం నాలుగున్నర కిలోలకు పైనే. అందులో రెండు సేర్ల పిండి, సేరున్నర చక్కెర కలిసి ఉంటాయి. చలికాలంలో గింజల్ని ఉడికించి పెట్టాలి. పచ్చిగడ్డి రాకముందు రోజుకు అర సేరు నెయ్యి. చక్కెర బదులు బెల్లం ఇస్తే నెయ్యి ఆపేయాలి. పచ్చిగడ్డి వచ్చిన మొదటి మూడు రోజులు గింజలు పూర్తిగా మానేసి, తర్వాత ఆరు సేర్ల గింజలు, రెండు సేర్ల బెల్లం ఇవ్వాలి. ఇది ఖజానా నుంచి డబ్బు చెల్లించే లెక్క, వింతలు చెప్పి మెప్పించడానికి రాసింది కాదు. అక్బరు లెక్కలో చక్కెర కిలోకు కాస్త తక్కువ. తావెర్నియే చూసిన బెల్లం దాదాపు ఒక కిలో. తరాలు మారినా, రాసినవాళ్ళ దేశాలు వేరైనా అంకెలు ఇంత దగ్గరగా ఉన్నాయంటే, ఇది నిలదొక్కుకున్న పద్ధతే. మేత మార్చేటప్పుడు మూడు రోజుల విరామం పెట్టడం కూడా గమనించాలి. ఒక మేత నుంచి ఇంకో మేతకు గుర్రాన్ని ఒక్కసారిగా మార్చకూడదన్న నియమాన్ని ఇవాళ్టి నిపుణులు ఇంకా ఎక్కువ రోజులకు పొడిగించారు, అంతే.

ఈ పద్ధతి మొగలులతో మొదలైందీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోని అశ్వాధ్యక్షుడి ప్రకరణం ఉత్తమాశ్వానికి నానబెట్టిన లేదా ఉడికించిన ధాన్యం, పెసలు లేదా మినుములు, నూనె, ఉప్పు, మాంసం, పెరుగు, రుచి కోసం బెల్లం, పాలో సురో విధించింది. 13వ శతాబ్దం చివర దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో పాండ్య దేశంలో గుర్రాలకు మాంసం కలిపి వండిన అన్నం పెడతారని ఆశ్చర్యపోయాడు. ఏటా రెండు వేలకు పైగా కొన్న గుర్రాల్లో సంవత్సరం తిరిగేసరికి వంద కూడా మిగలవని రాశాడు. పర్షియాలో కూర్చుని చరిత్ర రాసిన వస్సాఫ్, పచ్చి బార్లీ పెట్టాల్సింది పోయి వేయించిన బార్లీ, వెన్న కలిపిన గింజలు పెట్టి, కాచిన ఆవుపాలు తాగిస్తున్నారని విస్తుపోయాడు. తెలుగు నేల కూడా ఈ వ్యాపారంలోనే ఉంది. కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం, 1244-45 నాటిది, గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాల వంటి సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను సుంకం మాత్రమే తీసుకుంటానని ప్రకటించింది. విజయనగర రాజు సాళువ నరసింహుడు సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపించినా బతికున్నదానితో సమానంగా వెల కట్టేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అంత డబ్బు పోసి కొన్న జంతువు విషయంలో యజమాని ఒట్టి నమ్మకం మీద మేత పెడతాడనుకోవడం కష్టం. పరిహాసం చేసిన పరాయివాడు, దగ్గరుండి చూసిన బాటసారి, జీతం తీసుకున్న లెక్కల మనిషి, ముగ్గురూ ఒకే రకం మేత గురించి చెబుతుంటే ఆ మేతకు ఏదో పనితనం ఉండే ఉండాలి.

గింజ ఏదన్నది మాత్రం నేలను బట్టి మారింది. గుజరాత్‌లో, ఉత్తరాదిలో శనగ. దక్కనులో, తెలుగు నేల మీద ఉలవ. ఉలవ దక్షిణ భారతంలోనే సాగులోకి వచ్చిన పంట. బళ్ళారి దగ్గరి సంగనకల్లు వంటి నవీన శిలాయుగపు స్థావరాల్లో మాడిన ఉలవలు దొరికాయి. ఎర్రనేలల్లో, మెట్టలో, ఇంకేదీ నిలవని చోట అది పండుతుంది. మద్రాసు ఆశ్వికదళం గుర్రాలు ఉడికిన ఉలవల మీద బతికితే, బెంగాల్, బొంబాయి దళాలకు శనగే దాణా. మనకు గుగ్గిళ్ళు తెలుసు కాబట్టి ఇందులో వింత కనిపించదు. కానీ ఆ ఉడికించడం వెనకున్న కారణం గమనించదగ్గది. పచ్చి ఉలవల్లో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలుంటాయి. వేడి తగిలితే అవి చాలావరకు నశిస్తాయి. గింజ మెత్తబడితే పళ్ళు అరిగిన ముసలి గుర్రం కూడా నమలగలదు. వస్సాఫ్‌కు వెర్రిగా తోచిన ‘వండి పెట్టడం’ బార్లీకి అనవసరం కావచ్చు. ఉలవకు, శనగకు అది అవసరమే. బార్లీ దేశం నుంచి చూసినవాడికి పప్పుల దేశపు వంట అర్థం కాలేదు.

ఇక బెల్లం దగ్గరికి వద్దాం. దానికి ముందు దుంప కథ చూడాలి. యూరప్‌లో చక్కెర దుంప కథ 1747లో బెర్లిన్ రసాయన శాస్త్రవేత్త మార్‌గ్రాఫ్ ఆ దుంపలో ఉన్నది చెరకు చక్కెరేనని తేల్చడంతో మొదలైంది. అతని శిష్యుడు అఖార్డ్ 1801 నాటికి సైలీషియాలో మొదటి కర్మాగారం నిలబెట్టాడు. ఇంగ్లండుతో యుద్ధం వల్ల వెస్టిండీస్ చక్కెర ఆగిపోవడంతో నెపోలియన్ 1811లో బీట్ సాగుకు ఆజ్ఞలిచ్చాడు. ఆ శతాబ్దంలో ఫ్రాన్సు, జర్మనీ, ఆస్ట్రియా పొలాలు దుంపతో నిండాయి. దుంప కర్మాగారానికి వచ్చే ప్రతి సీజనులోనూ గుట్టలుగా తడి పిప్పి మిగిలేది. మొదట్లో అది దగ్గరి రైతుల ఆవులకీ గొర్రెలకీ పోయింది. నీరు ఎక్కువ కాబట్టి దూరం తీసుకుపోలేరు, నాలుగు రోజులుంచితే పులిసిపోతుంది. 19వ శతాబ్దం చివర పిప్పిని ఆరబెట్టే యంత్రాలు వచ్చాకే అది నిలవ ఉండే సరుకుగా, తర్వాత గుర్రాల మేతగా మారింది. అంటే ‘బీట్ పిప్పి పెట్టండి’ అన్న సలహా వెనక ముందుగా ఉన్నది గుర్రపుశాల కాదు, చక్కెర మిల్లు. పారెయ్యడానికి ఖర్చయ్యే దాన్ని అమ్ముడుపోయేలా చేసుకున్న పరిశ్రమ ఉంది. గుర్రం ఒంటికి అది సరిపోవడం అదృష్టం. ఆ అదృష్టాన్ని శాస్త్రం తర్వాత వివరించింది.

చెరకు విషయంలో ఆ అదృష్టం లేదు. చెరకు గానుగాడాక మిగిలే పిప్పిలో కట్టె గుణం ఎక్కువ. గడ్డిని చెక్కలా గట్టిపరిచే లిగ్నిన్ దండిగా ఉంటుంది కాబట్టి గుర్రం పెద్దపేగులోని సూక్ష్మజీవులు కూడా దాన్ని విడగొట్టలేవు. దుంప పిప్పిలో లిగ్నిన్ చాలా తక్కువ. పెక్టిన్ వంటి మెత్తని పీచు ఎక్కువ. అందుకే చెరకు పిప్పి బెల్లం పొయ్యిల కింద, ఇప్పుడు మిల్లు బాయిలర్లలో మండుతోంది. సూరత్ జిల్లా ఈ తేడాకు మంచి సాక్షి. బార్డోలీ, చల్తాన్, మఢీ, సాయణ్ సహకార చక్కెర మిల్లులు 1950ల తర్వాత దక్షిణ గుజరాత్‌ను చెరకు దేశంగా మార్చాయి. అంత చెరకు ఆడినా అక్కడి గుర్రాలకు పిప్పి మేత పుట్టలేదు. అంతకుముందు, గానుగల కాలంలో పుట్టింది బెల్లం. గడ్డి ఎండిపోయే నెలల్లో చవగ్గా, నిలవుండేలా, కొద్ది బరువులో ఎక్కువ బలమిచ్చే పదార్థం రైతు చేతిలో అదొక్కటే. 1890లలో ప్రభుత్వ రాయితీలతో చవకబడ్డ జర్మనీ, ఆస్ట్రియా బీట్ చక్కెర ఇక్కడి బజార్లను ముంచెత్తింది. దాన్ని ఆపడానికి 1899లో భారత ప్రభుత్వం ప్రత్యేక సుంకం వేసింది. ఆ కథలో మనకు పనికొచ్చే చిన్న విషయం ఇది: దుంప చక్కెర సముద్రం దాటి వచ్చింది, దుంప పిప్పి రాలేదు. విలువైన సరుకు ప్రయాణిస్తుంది, పిప్పి పుట్టిన చోటే తింటారు.

అయితే పాత మేత నిజంగా ఒళ్ళు చేసేదా? అంకెల్ని ఇప్పటి ప్రమాణాలతో తూచి చూడొచ్చు. 500 కిలోల గుర్రం పనేమీ చేయకుండా బరువు నిలుపుకోవడానికి రోజుకు దాదాపు 16 నుంచి 17 మెగాకేలరీల జీర్ణశక్తి కావాలి. అక్బరు నిర్ణయించిన ఏడున్నర సేర్లు, పిండి, చక్కెర, పప్పులు కలిపి, సుమారుగా అంత శక్తినిస్తాయి. గడ్డి దానికి అదనం. అర సేరు నెయ్యి ఇంకో రెండున్నర మెగాకేలరీలకు పైగా కలుపుతుంది. అప్పటి గుర్రాలు చాలావరకు 500 కిలోల కంటే తేలికైనవే కాబట్టి మిగులు ఇంకా ఎక్కువ. శనగ, ఉలవల్లో 20 శాతానికి అటూఇటూ మాంసకృత్తులున్నాయి. ఎండుగడ్డి మీద బతికే గుర్రానికి కొరవడేది సరిగ్గా అదే, కండ రావడానికి కావలసిందీ అదే. ఈనాటి పోషక నిపుణులు చిక్కిన గుర్రానికి నూనె కలపమని చెప్పడం, నెయ్యి ముద్ద వెనకున్న తర్కాన్ని కొత్త సీసాలో పోయడమే. కాబట్టి బలం విషయంలో పాత మేతకు మార్కులు తగ్గించడానికి వీల్లేదు.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. అంత మంచి మేతైతే మార్కో పోలో చెప్పినట్టు గుర్రాలు ఎందుకు చచ్చాయి? శతాబ్దాలపాటు అరేబియా, పర్షియా, మధ్య ఆసియాలోని తురాన్‌ల నుంచి కొత్త గుర్రాలు ఎందుకు కొనాల్సి వచ్చింది? మరణాలకు మేతొక్కటే కారణం కాదు. ఉక్క, ఈగలు, రోగాలు, యుద్ధాలు, లాడం కొట్టేవాళ్ళ కొరత, పచ్చిక బయళ్ళు లేకపోవడం, అన్నీ కలిశాయి. అయినా మేతను పూర్తిగా నిర్దోషిగా వదిలెయ్యలేం. గుర్రం జీర్ణాశయం దాని దేహానికి చాలా చిన్నది, పది పదిహేను లీటర్లు మించదు. రోజంతా కొద్దికొద్దిగా గడ్డి నమిలే జంతువు అది. కిలో బెల్లాన్ని, రెండు మూడు కిలోల పిండిపదార్థాన్ని ఒకటి రెండు పూటల్లో తోస్తే చిన్నపేగు అరాయించుకోలేని భాగం పెద్దపేగులోకి జారి, అక్కడ పులిసి, ఆమ్లమవుతుంది. శూల, గిట్టల వాపు దాని ఫలితాలు. గుర్రం తనంతట తాను ఆ ముద్ద తినదని తావెర్నియే చెప్పిన మాట ఇప్పుడు ఇంకోలా వినిపిస్తుంది. 1808లో బీహార్‌లోని పూసా అశ్వక్షేత్రానికి అధికారిగా వచ్చిన విలియం మూర్‌క్రాఫ్ట్ చదువుకున్న పశువైద్యుడు. శనగ మీద అతిగా ఆధారపడ్డ మేతను తగ్గించి ఓట్స్ సాగు మొదలుపెట్టాడు. అతని చేతిలో ఉన్న మందు కూడా తన దేశపు గింజే, నిజమే. కానీ అతను పట్టుకున్న సమస్య నిజమైనది. మన పాత మేత బలాన్ని గింజలోంచి, తీపిలోంచి తెచ్చింది. మెత్తటి పీచులోంచి తెచ్చే దారి దానికి దొరకలేదు, ఎందుకంటే చెరకు అలాంటి పీచు ఇవ్వలేదు.

రెండో అభ్యంతరం, ఇదంతా రాజుల గుర్రాల కథ కదా అన్నది. ఒప్పుకోవాల్సిందే. నెయ్యి ముద్దలు అక్బరు అశ్వశాలలో, నవాబుల లాయాల్లో, ధర పలకాల్సిన అరబ్బీ గుర్రాల నోళ్ళలో పడ్డాయి. బాడుగ టట్టులకు, తర్వాతి కాలపు టాంగా గుర్రాలకు దక్కింది తవుడు, పొట్టు, రోడ్డు పక్క గడ్డి. అయితే ఈ అభ్యంతరం నా వాదనను బలహీనపరచదు, ఇంకో వైపు నుంచి నిలబెడుతుంది. పేదవాడి గుర్రమూ తన ఊరి పంట వదిలిన మిగులు మీదే బతికింది. ధనికుడి గుర్రానికి చెరకులోని సారం, పేదవాడి గుర్రానికి ధాన్యం మీది పొట్టు. రెంటికీ లేకుండా పోయింది ఒక్కటే, సులువుగా జీర్ణమయ్యే పీచు. తవుడుకు ఇంకో చిక్కు కూడా ఉంది. అందులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. ఏళ్ళ తరబడి తవుడు మీదే నిలిపిన గుర్రానికి దవడ ఎముకలు ఉబ్బి మెత్తబడతాయి. యూరప్‌లో మరపట్టేవాళ్ళ గుర్రాలకు ఇదే జబ్బు వచ్చేది. దుంప పిప్పిలో సరిగ్గా దీనికి తలకిందులు: సున్నం ఎక్కువ, భాస్వరం చాలా తక్కువ.

ఇక్కడ అక్బరు కొలువు నుంచి నేర్చుకోవలసింది ఇంకొకటుంది. ‘పాగోష్త్’ అనే నియమం కింద జంతువుల లావును, బక్కతనాన్ని తరగతులుగా విడగొట్టి తనిఖీ చేసేవారు. ఏనుగులకు 13 తరగతులు, మిగతా జంతువులకు అంతకంటే తక్కువ. లెక్కలో రాసిన మేత జంతువు ఒంట్లో కనిపించకపోతే బాధ్యులకు జరిమానా. మేత కాజేసే అధికారి మీద అనుమానంతో పుట్టిన నియమమిది. కానీ ఫలితం మాత్రం శాస్త్రీయం. గిన్నెలో ఏం వేశారన్నది వదిలి, వీపు మీద, పక్కటెముకల మీద ఏం చేరిందన్నది చూడమంటుంది. ఇలాంటి కొలతనే 1983లో టెక్సస్‌లో హెన్నెకె, అతని సహచరులు మెడ, భుజం, పక్కటెముకలు, తోక మొదలు దగ్గరి కొవ్వును తడిమి ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకె ఇచ్చే పద్ధతిగా తయారుచేశారు. చిక్కిన గుర్రం యజమాని మొదట చేయాల్సిన పని ఇదే. పళ్ళు అరిగి కొక్కేల్లా నిలిచాయా, కడుపులో పురుగులున్నాయా, పెళ్ళిళ్ళ సీజనులో పని పెరిగి మేత పెరగలేదా అన్నది తేలకుండా ఏ సంచి కొన్నా డబ్బు దండగే. సూరత్ వంటి ఊళ్ళలో వరుణ్ణి మోసే ఊరేగింపు గుర్రాలకు ఈ చివరి కారణం తరచుగా వర్తిస్తుంది. పని నెలల లెక్కన కుప్పగా వచ్చిపడుతుంది, మేత మాత్రం ఏడాదంతా ఒకటే.

ఆ తనిఖీ అయ్యాక బీట్ పిప్పిని దాని లెక్కలో చూడాలి. ఎండు పిప్పి కిలోకు శక్తి మంచి ఎండుగడ్డికంటే ఎక్కువ, ఓట్స్ కంటే కాస్త తక్కువ. ఆ శక్తి పిండిపదార్థం లేకుండా, పెద్దపేగులో పీచు మెల్లగా పులవడం వల్ల వస్తుంది కాబట్టి కిలో బెల్లం తెచ్చిన ప్రమాదం దీనిలో లేదు. మొలాసిస్ అనే చక్కెర మడ్డి కలిపిన రకం, కలపని రకం అని రెండున్నాయి. గిట్టల వాపు వచ్చిన గుర్రానికి, చక్కెర పడని గుర్రానికి కలపనిదే తీసుకోవాలి. గుళికలైతే రెండు మూడింతలకు మించి నీళ్ళు పోసి కొన్ని గంటలు నాననివ్వాలి. పొడిగా పెడితే ఆత్రంగా తినే గుర్రానికి గొంతులో అడ్డుపడే ప్రమాదముంది. మాంసకృత్తులు ఎనిమిది, తొమ్మిది శాతమే కాబట్టి ఒక్క పిప్పితో కండ రాదు, కొవ్వు వస్తుంది. ఆ లోటు తీర్చేది పప్పుగింజే. కప్పెడు నానిన పిప్పిలో ఉడికిన ఉలవలు కలిపితే ఒకదాని కొరతను ఇంకొకటి పూడుస్తుంది. పిప్పి సున్నం ఇస్తుంది, ఉలవ మాంసకృత్తులు ఇస్తుంది. గడ్డి మాత్రం తగ్గకూడదు. శరీర బరువులో ఒకటిన్నర శాతం ఎండు మేత కనీసంగా ఉండాల్సిందే.

చివరి ప్రశ్న దిగుమతి సంచికి డబ్బు పెట్టడం తప్పనిసరా అన్నది. మన దేశంలో చక్కెర దుంప సాగు ప్రయోగాల స్థాయిని పెద్దగా దాటలేదు. కాబట్టి పిప్పి బజారులో దొరికినా దూరం నుంచి వచ్చేదే, ఖరీదైనదే. పందెపు గుర్రాలకు, అంగట్లో ధర పలికే గుర్రాలకు ఆ ఖర్చు గిట్టుబాటు కావచ్చు. ఊరేగింపు గుర్రాన్ని నమ్ముకుని బతికేవాడికి అదే సూత్రాన్ని దగ్గరి వస్తువులతో అమలు చేసుకోవడం మేలు. గుజరాత్‌లో లూసర్న్ అనే పశుగ్రాసం బాగా పండుతుంది, ఆణంద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం దానిలో మేలురకాలు తయారుచేసింది. పిప్పి ఇచ్చే సున్నమూ, జీర్ణమయ్యే పీచూ లూసర్న్‌లో ఉన్నాయి, పైగా మాంసకృత్తులు ఎక్కువ. పప్పు మిల్లుల్లో మిగిలే శనగ పొట్టు, నూనె మిల్లుల్లో మిగిలే సోయా పొట్టు మెత్తని పీచే. యూరప్ రైతు తన మిల్లు వెనక ఉన్న గుట్ట వైపు చూసి మేత కనిపెట్టాడు. మనం తీసుకోవలసింది అతని సంచినే కానక్కర్లేదు, ఆ చూపును తీసుకుంటే చాలు. పాత మేతలోంచి ఉడికిన పప్పును, కొద్దిపాటి నెయ్యినో నూనెనో, గడ్డి కడిగే శ్రద్ధను, లావును తరగతులుగా కొలిచే అలవాటును నిలుపుకోవాలి. కిలో బెల్లాన్ని మాత్రం వదులుకోవాలి. చెరకు పిప్పి పొయ్యికి పోయినందువల్ల గుర్రం మోయాల్సి వచ్చిన ఆ తీపికి ఇప్పుడు అవసరం లేదు. దాని పనిని మన మిల్లులు వదిలే మెత్తని పొట్టు ఎక్కువ భద్రంగా చేస్తుంది.